ట్యాబ్‌కి డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? ఒక పాల కేంద్రం కేసు

పాల కేంద్రాలు, ధాన్యం కాటాలు, కిరాణా కొట్లలో కాటా, ప్రింటర్, స్కానర్ లాంటివి కంప్యూటర్‌కో ట్యాబ్‌కో కలిపి పని చేయించడం నా వృత్తి. ఈ కేసులో నేను సరిగ్గా చేసినవీ ఉన్నాయి, ముందే చూడాల్సింది చూడకుండా వదిలేసినదీ ఉంది. రెండోదాని వల్లే దీన్ని రాస్తున్నాను. ఊరు, మనుషులు, కంపెనీలు ఎవరో తెలియకుండా గుర్తులు తీసేశాను.

నేపథ్యం

కోస్తాలో ఒక ఊరు. అక్కడి పాల కేంద్రంలో ఉదయం రెండున్నర గంటలు, సాయంత్రం రెండు గంటలు పాలు పోయించుకుంటారు. డెబ్బై మంది దాకా వస్తారు, దాదాపు అన్నీ గేదె పాలే. బల్ల మీద ఎలక్ట్రానిక్ కాటా, వెన్న శాతం చూసే మిల్క్ అనలైజర్, చీటీ కొట్టే థర్మల్ ప్రింటర్ ఉంటాయి. అనలైజర్‌ని అక్కడ అందరూ ఫ్యాట్ మిషన్ అంటారు. ఇన్నాళ్లూ ఈ మూడూ ఒక పాత విండోస్ కంప్యూటర్‌కి తగిలించి ఉండేవి. వర్షాకాలంలో దాని బోర్డు పోయింది.

కేంద్రం నడిపే ఆయన బాగా ఆలోచించే పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ కొన్నారు. కరెంటు పోయినా నడుస్తుంది, జాగా తక్కువ పడుతుంది, లెక్కలు ఫోన్‌లో చూసుకోవచ్చు. పక్క టౌనులో యాప్‌లు రాసే ఒక అబ్బాయితో పాల లెక్కల యాప్ చేయించుకున్నారు. కాటాకి, ఫ్యాట్ మిషన్‌కి ఉన్నవి పాత తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టులు. అందుకని రెండు సీరియల్-యూఎస్‌బీ కన్వర్టర్ కేబుళ్లు, ఒక యూఎస్‌బీ హబ్, ట్యాబ్ టైప్-సీ పోర్టుకి యూఎస్‌బీ పరికరాలు తగిలించే ఓటీజీ అడాప్టర్ కూడా తెచ్చారు.

అన్నీ తగిలించారు. యాప్‌లో బరువు గడి సున్నా దగ్గరే ఉండిపోయింది.

నన్ను అడిగిన ప్రశ్న

"ఏమండీ, ట్యాబ్‌కి కాటా డ్రైవర్ కావాలి. ఎక్కడ దొరుకుతుందో చెప్తే చాలు, మావాడు ఎక్కించేస్తాడు" అని ఫోన్ చేశారు.

నేను వెళ్లేసరికే చాలా ప్రయత్నాలు అయిపోయాయి. కేబుల్‌తో వచ్చిన చిన్న సీడీలోని విండోస్ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో ట్యాబ్‌కి ఎక్కించి చూశారు. తెరుచుకోలేదు. తర్వాత నెట్‌లో వెతికి "యూఎస్‌బీ డ్రైవర్" అనే పేరున్న ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఒకటి ఎక్కడినుంచో దించి ఇన్‌స్టాల్ చేశారు. అది కాంటాక్టులకీ, ఎస్సెమ్మెస్‌లకీ అనుమతి అడిగింది, ఇచ్చేశారు. నేను వెళ్లగానే చేసిన మొదటి పని దాన్ని తీసేయడం. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న ట్యాబ్ అది.

అడిగిన ప్రశ్నలోనే చిక్కు ఉంది. డ్రైవర్ అంటే పరికరంతో ఎలా మాట్లాడాలో తెలిసిన ప్రోగ్రాం. విండోస్‌లో డ్రైవర్ అనేది విడిగా దొరికే వస్తువు. సీడీ పెడతాం, ఇన్‌స్టాల్ చేస్తాం, ఆ తర్వాత ఏ ప్రోగ్రాం అయినా దాన్ని వాడుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో మామూలు వాడకందారు అలా విడిగా ఎక్కించే చోటు లేదు. కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్, కీబోర్డులా పని చేసే బార్‌కోడ్ స్కానర్ లాంటివి ఒక ప్రామాణిక తరగతికి చెందినవి కాబట్టి సిస్టమ్‌లో ముందే ఉన్న డ్రైవర్‌తో నడుస్తాయి. సీరియల్ కన్వర్టర్ల చిప్‌లు చాలావరకు తయారీదారు సొంత పద్ధతిలో మాట్లాడతాయి. ఆండ్రాయిడ్ అడుగున ఉండే లినక్స్ కెర్నెల్‌లో ఆ చిప్‌కి డ్రైవర్ ఉన్నా సరే, రూట్ చేయని, అంటే సిస్టమ్ తాళాలు తీయని ట్యాబ్‌లో ఆ సీరియల్ పోర్టుని మామూలు యాప్ నేరుగా తెరవలేదు.

ఉన్న దారి ఒక్కటే. ఆండ్రాయిడ్ 3.1 నుంచి, అంటే 2011 నుంచి, యాప్‌లకి యూఎస్‌బీ హోస్ట్ సౌకర్యం ఉంది. హోస్ట్ అంటే తగిలించిన పరికరాలని నడిపించే వైపు. వాడకందారు అనుమతి ఇస్తే యాప్ ఆ పరికరంతో తానే మాట్లాడుకోవచ్చు. అంటే డ్రైవర్ యాప్ లోపలే ఉండాలి. కాబట్టి ఈ కేసులో డ్రైవర్ ఉందా లేదా అని అడగాల్సింది యాప్ రాసిన అబ్బాయిని. ఆ మాట కేంద్రం ఆయనకి చెప్తే, "మరి ఇంతసేపూ కాటా డీలర్‌తో పోట్లాడుతున్నామే" అన్నారు.

వరసగా చూసినవి

అబ్బాయికి ఫోన్ చేసేముందు, తప్పు యాప్‌లోనే ఉందని రుజువు చేసుకోవాలనుకున్నాను. లేకపోతే అతను కేబుల్ అంటాడు, డీలర్ యాప్ అంటాడు, మధ్యలో రైతులు నిలబడతారు.

ముందు మౌస్ పెట్టాను. తెర మీద బాణం గుర్తు వచ్చింది. ట్యాబ్ హోస్ట్‌గా పని చేస్తోందని, అడాప్టర్ బాగుందని దాంతో తేలింది. సెట్టింగుల్లో ఓటీజీని విడిగా ఆన్ చేయాల్సిన ఫోన్లు, ట్యాబ్‌లు కొన్ని ఉంటాయి. వాటిల్లో ఈ ఒక్క పరీక్ష చాలా టైమ్ మిగులుస్తుంది. తర్వాత మౌస్ తీసి కాటా కేబుల్ పెట్టి, యూఎస్‌బీ వివరాలు చూపించే ఒక యాప్‌లో చూశాను. తయారీదారు నంబరు 6790, ఉత్పత్తి నంబరు 29987. అంటే సీహెచ్340 చిప్. కేబుల్ డబ్బా మీద వేరే పేరు ఏదో ఉంది. డబ్బాని నమ్మకూడదు, ఈ రెండు నంబర్లనే నమ్మాలి.

సీరియల్ యూఎస్‌బీ టెర్మినల్ అనే యాప్‌లో సీహెచ్340కి డ్రైవర్ ఉంది. వేగం 9600 (సెకనుకి అన్ని బిట్లు) పెట్టి కనెక్ట్ చేయగానే కాటా బరువులు వరసగా తెర మీద పారాయి. ట్యాబ్, కేబుల్, కాటా మూడూ బాగున్నాయి.

ఫ్యాట్ మిషన్ మాత్రం మాట్లాడలేదు. కేబుల్ పాడైందా, వైరింగ్ తేడానా అని విడదీయడానికి నేనెప్పుడూ చేసేది ఒకటుంది. కేబుల్‌ని మిషన్ నుంచి ఊడదీసి, తొమ్మిది పిన్నుల్లో 2, 3 పిన్నులని ఒక చిన్న వైరు ముక్కతో కలిపి, టెర్మినల్‌లో ఒక అక్షరం పంపాలి. పంపిన అక్షరమే తిరిగొస్తే కేబుల్, చిప్, డ్రైవర్ అన్నీ బాగున్నట్టే. అక్షరం తిరిగొచ్చింది. ఇక మిగిలింది వైరింగ్ ఒక్కటే. రెండు వైపులా పంపే పిన్ను పంపే పిన్నుకే తగులుతోంది. ఆ రెండింటినీ అడ్డంగా మార్చే నల్ మోడెమ్ అడాప్టర్ మధ్యలో పెట్టాక మిషన్ మాట్లాడింది.

కాటా డీలర్ మనిషి ఒకాయన, "ఆ కేబుళ్లెందుకు, టీటీఎల్ బోర్డు ఒకటి పెట్టేద్దాం, చవక" అన్నాడు. వద్దన్నాను. కాటాకున్న ఆ సీరియల్ పోర్టు ఆర్‌ఎస్-232 రకం, అందులో వోల్టేజీ ప్లస్ పదిహేను నుంచి మైనస్ పదిహేను దాకా ఊగొచ్చు. ఐదు వోల్టులకి చేసిన టీటీఎల్ బోర్డుకి దాన్ని నేరుగా తగిలిస్తే కాలిపోవచ్చు.

అప్పుడు యాప్ రాసిన అబ్బాయికి ఫోన్ చేసి నంబర్లు చెప్పాను. విషయం వెంటనే తేలింది. అతను తన టేబుల్ మీద ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్ ఉన్న కేబుల్ పెట్టుకుని, ఆ కంపెనీ ఇచ్చే లైబ్రరీతో, అంటే సిద్ధంగా రాసిపెట్టిన కోడ్‌తో యాప్ రాశాడు. అతని దగ్గర అంతా బాగా నడిచింది. కేంద్రంలో ఉన్నది వేరే చిప్. యూఎస్‌బీ-సీరియల్-ఫర్-ఆండ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో ఎఫ్‌టీడీఐ, సీహెచ్340, పీఎల్2303, సీపీ210ఎక్స్ అన్నిటికీ డ్రైవర్లున్నాయి, దానికి మారమన్నాను. రెండు రోజుల్లో మార్చి పంపాడు. కుర్రాడైనా పంతానికి పోలేదు. అలాంటి మనిషి దొరకడం ఈ పనిలో సగం బలం.

ప్రింటర్ సంగతి త్వరగా తేలిపోయింది. దానికి యాప్ నేరుగా చీటీ ప్రింటర్లకి అర్థమయ్యే ఈఎస్‌సీ-పీఓఎస్ ఆదేశాలు పంపుతుంది, ఇంగ్లీషు అంకెలు బాగానే పడ్డాయి. తెలుగు పేర్ల చోట ప్రశ్నార్థకాలు వచ్చాయి. ఆ ప్రింటర్‌లో తెలుగు ఫాంటు లేదు. చీటీ మొత్తాన్ని 384 చుక్కల వెడల్పు బొమ్మగా గీసి పంపేలా చేయించాం. 58 మిల్లీమీటర్ల కాగితం మీద మామూలుగా పట్టే వెడల్పు అంతే. కొంచెం నెమ్మదిగా వస్తుంది, కానీ పాలు పోసిన మనిషి తన పేరు తాను చదువుకోగలుగుతుంది.

ఛార్జింగ్ గొడవ

ట్యాబ్‌కి ఉన్నది ఒకే పోర్టు. హబ్ అందులో పెడితే ఛార్జర్ ఎక్కడ పెట్టాలి? ఛార్జింగ్ కూడా ఇస్తామని రాసి ఉన్న హబ్‌లు మూడు రకాలు తెచ్చి చూశాను. మూడింటిలోనూ ఛార్జర్ పెట్టగానే కాటా మాయమైపోయేది, తీస్తే మళ్ళీ వచ్చేది. హబ్‌ల తప్పు కాదది. టైప్-సీలో మామూలుగా కరెంటు ఇచ్చే వైపే హోస్ట్ అవుతుంది. కరెంటు తీసుకుంటూ హోస్ట్‌గా ఉండాలంటే పవర్ డెలివరీ పద్ధతిలో రెండు వైపులా మాట్లాడుకుని పాత్రలు మార్చుకోవాలి. ఈ చవక ట్యాబ్‌కి అది రాదు.

గుండ్రటి పిన్ను ఛార్జింగ్ సాకెట్ విడిగా ఉన్న ట్యాబ్ కొనిపించడం ఒక దారి. ఆయన అప్పటికే డబ్బు పెట్టేశారు, మళ్ళీ కొనమనడానికి మనసొప్పలేదు. కూర్చుని లెక్క వేస్తే, ఒక పూట పని రెండున్నర గంటలకి మించదు. ఆ మాత్రం బ్యాటరీ ట్యాబ్‌లో ఉంది, కాకపోతే కేబుళ్లకి కరెంటు కూడా అదే ఇవ్వకూడదు. అందుకని సొంత కరెంటు అడాప్టర్ ఉన్న హబ్ పెట్టాం. పూటకీ పూటకీ మధ్య ట్యాబ్‌ని ఛార్జింగ్‌లో పెట్టాలని ఆపరేటర్ అమ్మాయికి చెప్పాను. సమస్య తీరిందనుకున్నాను.

ఆ హబ్ అడాప్టర్‌ని గోడకున్న మామూలు ప్లగ్గులో పెట్టించాను. నా తప్పు అక్కడ జరిగింది.

పదో రోజు

పదో రోజు ఉదయం వాట్సాప్‌లో ఒక చీటీ ఫొటో వచ్చింది. బరువు 6.40, ఫ్యాట్ 4.70. దాని కింద ఆపరేటర్ అమ్మాయి వాయిస్ మెసేజ్. పాలు పోయడానికి వచ్చిన ఒక పెద్దావిడ చీటీ చదివించుకుని, "అమ్మాయ్, నేను తెచ్చింది అయిదు కిలోలు కూడా ఉండదే. ఆరు చిల్లర ఎక్కణ్ణించి వచ్చిందే?" అని అడిగిందట. తనకి ఎక్కువ రాశారని ఎవరూ గొడవ చేయరు. ఆవిడ చేసింది.

ఫొటోని రెండు నిమిషాలు చూస్తూ ఉండిపోయాను. అప్పుడు తట్టింది, బరువు గడిలో ఉన్నది ఫ్యాట్, ఫ్యాట్ గడిలో ఉన్నది బరువు. ఆవిడ పాలు 4.70 కిలోలు, వెన్న 6.4 శాతం.

మరి మిగతావాళ్లు ఎందుకు గమనించలేదు? అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ కేంద్రంలో గేదె పాలకి కిలో వెన్న లెక్కన డబ్బులిస్తారు. బరువుని ఫ్యాట్‌తో గుణించి, దాని మీద రేటు కడతారు. 4.70ని 6.4తో గుణించినా, 6.4ని 4.70తో గుణించినా వచ్చేది 30.08. చీటీ మీద డబ్బు పైసాతో సహా కరెక్ట్. జనం చూసేది డబ్బునే. ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలల్లో వెన్న కాని ఘనపదార్థాల శాతం) గడి ఖాళీగా వస్తోంది, కానీ రేటుకి దాంతో పని లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పన్నెండు కిలోలు తెచ్చిన ఒకాయనకి ఫ్యాట్ 12 అని వచ్చేసరికి యాప్ ఒప్పుకోలేదు. అమ్మాయి మిషన్‌లో ఏదో ఇరుక్కుందనుకుని కడిగి మళ్ళీ పెట్టిందట.

అలా ఎందుకు తారుమారైంది? ఆ రోజు తెల్లవారి కరెంటు పోయి వచ్చింది. హబ్ అడాప్టర్ ఆగి మళ్ళీ వెలిగింది. రెండు కేబుళ్లూ ఊడి మళ్ళీ తగిలినట్టు ట్యాబ్‌కి కనిపించింది. కేబుళ్లు రెండూ సీహెచ్340. తయారీదారు నంబరు ఒకటే, ఉత్పత్తి నంబరు ఒకటే, ఏ కేబుల్ ఏదో చెప్పే సీరియల్ నంబరు వాటిలో లేదు. యాప్‌కి అవి కవల పిల్లలు. ఆండ్రాయిడ్ ఇచ్చే పరికరాల జాబితాకి వరస గ్యారంటీ లేదు, పరికరం పేరు కూడా తగిలించిన ప్రతిసారీ మారుతుంది. యాప్‌లో మాత్రం "మొదటిది కాటా, రెండోది ఫ్యాట్ మిషన్" అని రాసి ఉంది. రెండూ 9600 వేగంలోనే మాట్లాడతాయి కాబట్టి పిచ్చి అక్షరాలు కూడా రాలేదు, చక్కటి అంకెలే వచ్చాయి. వేగాలు వేరైతే ఆ పూటే బయటపడేది.

మమ్మల్ని కాపాడింది ఒక నోటు పుస్తకం. కొత్త సిస్టమ్ పెట్టిన ప్రతి చోటా మొదటి పదిహేను రోజులు చేత్తో కూడా రాయమంటాను. విసుక్కుంటారు, అయినా పట్టుబడతాను. అమ్మాయి కాటా అద్దం మీద అంకె, మిషన్ అద్దం మీద అంకె చూసి పుస్తకంలో రాసింది. పుస్తకాన్ని చీటీలతో పోల్చి ఆ పూట తప్పుగా పడినవన్నీ దిద్దాం. ఆ సాయంత్రం కేంద్రం ఆయన ఒక్కొక్కరికీ విషయం చెప్పి కొత్త చీటీ ఇచ్చారు. వద్దులెండి, డబ్బు సరిపోయిందిగా అని కొందరన్నా, ఆయన ఊరుకోలేదు.

ఏం మార్చాం

యాప్‌లో హబ్ పోర్టుని బట్టి గుర్తుపట్టొచ్చా అని అబ్బాయి అడిగాడు. మామూలు యాప్‌కి ఆండ్రాయిడ్ ఆ సమాచారాన్ని నమ్మదగ్గట్టు ఇవ్వదు. అందుకే గుర్తింపుని కేబుల్‌లోనే పెట్టాం. ఫ్యాట్ మిషన్ వైపు కేబుల్ తీసేసి ఎఫ్‌టీడీఐ వాళ్ల ఎఫ్‌టీ232ఆర్ చిప్ ఉన్నది వేశాం. దాని నంబర్లు 1027, 24577. కాటా 6790 దగ్గరే ఉంది. ఇక ఏ వరసలో వచ్చినా యాప్ పొరబడదు.

అయినా రేపు ఎవరైనా కేబుళ్లు మార్చి తగిలించొచ్చు. అందుకని రెండో కాపలా కూడా పెట్టించాను. కాటా ఆగకుండా బరువులు పంపుతూనే ఉంటుంది, మిషన్ మాత్రం ఒక శాంపిల్ అయ్యాకే ఒక వరుస పంపుతుంది, ఆ వరుసలో ఎస్‌ఎన్‌ఎఫ్ ఉంటుంది. వచ్చే సమాచారం ఆ ఆకారంలో లేకపోతే యాప్ చీటీ కొట్టదు. గడి ఖాళీగా ఉంటే కూడా కొట్టదు.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇంకో తలనొప్పి ఉండేది. ప్రతి పరికరానికీ అనుమతి అడిగే పెట్టె తెర మీదికి వచ్చేది. పాల చేతులతో అమ్మాయి ఏది నొక్కిందో ఆమెకే తెలిసేది కాదు. పరికరం ఊడితే ఆ అనుమతి పోతుంది మరి. ఈ నంబర్లున్న పరికరాలు తగిలితే తానే తెరుచుకుంటానని యాప్ మ్యానిఫెస్ట్‌లో (యాప్ తన వివరాలు ఆండ్రాయిడ్‌కి చెప్పుకునే ఫైలు) రాయించి, మొదటిసారి అడిగినప్పుడు ఎప్పుడూ ఈ యాప్‌తోనే అనే గడిలో టిక్ పెట్టాం. ఆ తర్వాత అడగడం మానేసింది.

హబ్ అడాప్టర్‌ని ఇన్వర్టర్ లైనులోకి మార్చాను. మొదటి రోజే చేయాల్సింది. ట్యాబ్‌కి బ్యాటరీ ఉంది కదా అని ట్యాబ్ గురించే ఆలోచించాను, మధ్యలో ఉన్న హబ్‌కి బ్యాటరీ లేదన్న సంగతి నా బుర్రకి రాలేదు. ఇప్పుడు ఏ కేంద్రంలోనైనా అప్పగించే ముందు నేనే మెయిన్ స్విచ్ నాలుగైదు సార్లు ఆపి, వేసి, ప్రతిసారీ ఒక చీటీ కొట్టి చూస్తున్నాను. ఒకే రకం కేబుళ్లు రెండు కనిపిస్తే ఒకటి మార్పిస్తున్నాను.

తర్వాత

కొన్నాళ్లకి ఆ దారిలో వెళ్తూ ఆగాను. కాటా కేబుల్‌కి ఎర్ర టేపు, మిషన్ కేబుల్‌కి పచ్చ టేపు చుట్టి, వాటి మీద పెన్నుతో పేర్లు రాసి ఉన్నాయి. అమ్మాయి తనంతట తానే చేసిన పని అది. ఆ పెద్దావిడ లైనులో ఉంది. పాలు పోశాక కాటా అద్దం వైపు చూసింది, చీటీ చేతికి రాగానే అంకె మీద వేలు పెట్టి మళ్ళీ అద్దం వైపు చూసి, అప్పుడు చీటీని కొంగున ముడేసుకుంది.

మొన్న ఇంకో ఊరి కేంద్రం నుంచి ఫోన్. "ట్యాబ్‌కి డ్రైవర్ కావాలండీ" అన్నారు. కేబుల్ నంబర్లు చూసి పంపమన్నాను. ముందు డబ్బా ఫొటో పంపారు. డబ్బా కాదు, ట్యాబ్‌కి పెట్టినప్పుడు వచ్చే రెండు నంబర్లు కావాలన్నాను. సాయంత్రానికి పంపారు. 1659, 8963. పీఎల్2303 అది. యాప్ ఎవరు రాశారో వాళ్ల ఫోన్ నంబరు అడిగాను.